పదును ఆరేలోగా

తిరుచెందూరు సముద్రపు ఒడ్డున అన్నదమ్ములిద్దరు వ్యాను పక్కన నిలబడి ఉన్నారు. ఇంటివాళ్లు పందొమ్మిది మందీ నీళ్ల దగ్గరున్నారు. ఎట్టయాపురం పక్కన తమ పల్లెలో వాన పడిందని అప్పుడే ఫోను వచ్చింది.

“రేపు ఎండ కాసిందంటే నేలలో పదును ఆరిపోతాది. జొన్న విత్తాల రా.”

“వచ్చి గంట కాలేదు, అన్నా! ట్రాక్టరోణ్ణి విత్తమందాము.”

“మొదటి గుప్పెడు ఇంటి పెద్దోడే వెయ్యాల. నాయన పోయినప్పట్నుంచి ఒక్క ఏడూ తప్పలే. మీరుండండి, నేను బస్సులో పోతా.”

“నువ్వు పోతే అమ్మ ఇక్కడ ఉంటాదా? వెనకాలే లేచి వస్తాది.”

అన్న అటు చూశాడు. ఎనభై ఏళ్ల తల్లి తడి ఇసుకలో కాళ్లు చాపుకుని, వచ్చే ప్రతి అలనూ రెండు చేతులతో ఆపబోతూ నవ్వుతోంది.

“అమ్మ ఆడుకునేది నువ్వెప్పుడన్నా చూసినావా?”

“లేదన్నా. ఇదే మొదలు.”

అన్న ఫోను తమ్ముడి చేతిలో పెట్టాడు.

“ట్రాక్టరోనికి ఫోన్ చెయ్యి.”

“మొదటి గుప్పెడు?”

“అదీ వాణ్ణే వెయ్యమను. నేలకు పదును తెలుస్తాది గానీ, ఎవరి చెయ్యో తెలుస్తాదా రా?”

అన్న పంచె ఎగగట్టి తల్లి దగ్గరికి నడిచాడు.