ఇలోనాకు నివాసం తెచ్చిన తాచో

మధ్యాహ్నం ఎండకి కొన్సెప్సియోన్ ఊరంతా తలుపులేసుకుని కునుకు తీస్తుంటే, నీదియా ఒక్కతే తన జుట్టు కత్తిరించే దుకాణం తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఉంటే భయం ఎక్కువవుతోంది. మర్నాడు ఆమె, ఆమె మొగుడు విస్లీ రాజధానికి బస్సెక్కాలి. విస్లీది హైతీ. పెళ్లయింది కాబట్టి అతన్ని ఇక్కడే శాశ్వతంగా ఉండనివ్వండని, నివాసపు అనుమతి కోసం నీదియా అర్జీ పెట్టుకుంది. ఆ కాపురం నిజమో దొంగదో తేల్చడానికి ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారట. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటేనట, మీరిద్దరూ ఎలా కలిశారు అని.

నీదియా గుండెల్లో రాయి పడింది అక్కడే. వాళ్లు కలిసిన తీరు ఆమె కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు. అందుకని చర్చి తిరునాళ్లలో ఇద్దరూ నాట్యం చేస్తూ కలిశామని ఓ ముచ్చటైన కథ అల్లి, వారం నుంచీ విస్లీ చేత బట్టీ పట్టిస్తోంది.

"దానికంత బెంగెందుకే పిల్లా," అన్నాడు దుకాణం ముందు బెంచీ మీద కూర్చున్న పెద్దాయన దోన్ తాచో. "నా పెళ్లానికి నివాసం తెచ్చినవాణ్ణి నేనున్నానుగా. అడుగు, చెబుతా."

ఆయన భార్య ఇలోనా హంగరీ దేశస్థురాలు, పశువుల డాక్టరు. జుట్టుకు రంగు వేయించుకుని, గుమ్మం లోపలి కుర్చీలో తలకు తువ్వాలు చుట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాడు తాచో. ఆయన పక్కన బ్రౌలియో, ఒకప్పుడు ఇసుక పడవ నడిపినవాడు, చల్లటి మాతే ఆకు కషాయం కొమ్ముగ్లాసులో పోసి అందరికీ వంతులవారీగా అందిస్తున్నాడు.

"మీరెలా కలిశారు దోన్ తాచో?" అంది నీదియా, స్టూలు దగ్గరికి లాక్కుని.

"చెప్పుకోదగ్గదేం కాదులే. నది పొంగింది. ఈవిడ పడవ బోల్తాపడింది. నేను దూకాను, జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాను, అంతే. ఎవడైనా చేస్తాడు. కాకపోతే ఈవిడ మందుల పెట్టె కూడా మునిగిపోతోందాయె, దాన్ని పళ్లతో పట్టుకున్నా. పట్టుకున్నానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పళ్లూడాయా?" అన్నాడు బ్రౌలియో.

"మొసలి వచ్చింది. ఇదిగో, ఈ బెంచీ అంత. కాదు, ఈ బెంచీ దాని తోకంత. నా కళ్లలోకి చూసింది, నేనూ చూశాను. అది సిగ్గుపడి తల దించుకుంది. నేను ఊరుకుంటానా, నడుం బెల్టు తీసి దాని మూతికి కళ్లెం వేసి, ఈవిణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని ఏటికి ఎదురు ఇంటిదాకా తోలుకొచ్చా."

"నది పొంగిన ఏడు ఇలోనా గారింకా ఈ దేశమే రాలేదు కదయ్యా," అన్నాడు బ్రౌలియో.

"నీకు కనబడే పొంగు కాదది, లోపల్నించి పొంగింది. నువ్వు కషాయం పొయ్యి. సరే, పెళ్లయింది. ఆఫీసరు దగ్గరికెళ్లాం. వాడు నన్ను ఎగాదిగా చూసి, నీ పెళ్లాన్ని నువ్వు నిజంగా ఎరుగుదువా అన్నాడు. ఎరగడమేంటండీ అన్నా. అయితే చూద్దామని ఓ పరదా కట్టించి, దాని వెనక ఊళ్లో ఉన్న ఆడవాళ్లందర్నీ నిలబెట్టి, మోచేతులు మాత్రం బయటికి పెట్టించాడు. ఇందులో నీ ఆవిడ మోచెయ్యేదో చెప్పు అన్నాడు."

నీదియాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే నమ్మాలనీ అనిపించింది. రేపు తనకీ అంత ధైర్యం ఉంటే బాగుండును. "చెప్పగలిగారా?"

"చెప్పడమా? నేను కళ్లకు గంతలు కట్టమన్నా. గంతలతోనే నడుచుకుంటూ పోయి టక్కున పట్టుకున్నా. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. వాడితో పాటు మేడ మీదివాళ్లూ లేచారు. ముద్ర వెయ్యండన్నా. వాడు సంతోషం పట్టలేక ఎంత గట్టిగా గుద్దాడంటే బల్ల రెండు ముక్కలైంది, కింద నేల బీటలిచ్చింది, ఆ అదురుకి ఇక్కడ మన రేవులో పడవలన్నీ ఒడ్డెక్కాయి. నువ్వే చెప్పు బ్రౌలియో, నీ పడవ ఒడ్డెక్కిందా లేదా?"

"ఎక్కింది. దాన్ని తుక్కు కింద అమ్మడానికి నేనే ఎక్కించా."

"చూశావా, సాక్ష్యం. కాబట్టి పిల్లా, గుర్తుపెట్టుకో. ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చెబితే పని జరగదు. ఘనంగా చెప్పాలి. నాట్యం అన్నావుగా, బాణసంచా కూడా కలుపు. వీలైతే ఓ గుర్రాన్ని..."

"మొసలిని కలపమను తాచో," అంది లోపల్నించి ఇలోనా.

కళ్లు తెరవలేదు. గొంతు మాత్రం నిద్రలోంచి వచ్చినట్టు లేదు. తాచో చేతిలో గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నీదియా, ఈయన ఆ గదిలో సరిగ్గా ఇదే చెప్పాడు," అంది ఇలోనా. "మొసలి, కళ్లెం, అన్నీ. పక్క గదిలో నేను జరిగింది చెప్పాను. ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, మీరిద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు తారసపడినట్టే లేదమ్మా అన్నాడు. కుదరదని పంపేశాడు. నేను దేశం దాటి బ్రెజిల్‌లో ఒకళ్ల పశువుల దొడ్లో చలికాలమంతా గడిపాను."

నీదియా నవ్వు ఎగిరిపోయింది. "మరి జరిగిందేమిటి?"

"బస్సు. ఈయనకి బస్సు పడదు. నా పక్క సీట్లో కూర్చుని నా చెప్పుల మీద కక్కుకున్నాడు. తర్వాత దారంతా క్షమాపణలు చెప్పి, దిగాక ఆ చెప్పులు కడిగి తెచ్చిచ్చాడు."

బ్రౌలియో తాచో చేతిలో గ్లాసు తీసి పక్కన పెట్టేశాడు, పొలమారుతుందని. తాచో ఎండలోకి చూస్తూ కూర్చున్నాడు.

"నేను దొడ్లో ఉన్నన్నాళ్లూ ఆదివారం వస్తే చాలు, అదే బస్సెక్కి, దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ వచ్చేవాడు," అంది ఇలోనా, గొంతు తగ్గించి. "పాలిపోయి దిగేవాడు. దిగగానే ప్రయాణం హాయిగా జరిగిందనేవాడు. రెండోసారి పిలిచినప్పుడు మాత్రం ఆఫీసరు ముందు చెప్పుల సంగతే చెప్పాడు. తల వంచుకుని చెప్పాడట. ఇద్దరి మాటా ఒకటే అయింది. నివాసం వచ్చింది."

నీదియా తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"నేను విస్లీని దొంగని చేశాను," అంది ఉన్నట్టుండి.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"సంతలో నా ఫోన్ కనబళ్లేదు. పక్కన అతనున్నాడు, పైదేశం మనిషి. ఇతనే తీశాడని అరిచాను. జనం చుట్టుముట్టి పట్టుకున్నారు, చొక్కా చించేశారు. ఫోన్ నా ఏప్రన్ జేబులోనే మోగింది. అమ్మే చేసింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే అతను, ముందు ఫోనెత్తండి, అమ్మగారేమో అన్నాడు. అతన్ని ఇక్కడికే, ఈ దుకాణానికే తీసుకొచ్చి ఆ చొక్కా కుట్టిచ్చాను. కుట్టు వంకరపోయింది. ఇప్పటికీ పండగొస్తే అదే తొడుక్కుంటానంటాడు." ఆమె కళ్లు తుడుచుకుంది. "రేపు ఇదే చెబుతాం. ఇంకేం చెప్పం."

తాచో నోరు తెరిచాడు. గాల్లో చెయ్యి లేపాడు, ఏదో అందుకోబోతున్నట్టు. కాసేపలా ఉంచి దించేశాడు.

"ఇందులో కలపడానికి నాకేం దొరకట్లేదమ్మాయ్," అన్నాడు చివరికి, కాస్త అసూయగానే.