ఒక్క నట్టు కూడా మార్చని జీపు

"ఒరిజినల్ అంటే ఏటి? టీలు తర్వాత తాగుదురు గాని, ముందు దీనికి జవాబు సెప్పండి. కంపెనీవోడు ఎలగ సేసి పంపాడో అలగే ఉండడం. అంతే గదా? అయితే ఇనుకోండి. ఈ డుంబ్రిగుడ సంతలోనే కాదు, అరకు కాడ్నించి అడ్డతీగల దాకా ఒక్క నట్టు కూడా మార్చని జీపు ఏదంటే, అదిగో, ఆ పనసెట్టు కింద నిలబడ్డాది. దాన్ని తోలినోడు ఎవులంటే, ఇదిగో, మీ ముందు కూకున్నాడు."

రత్న టీకొట్టు బల్ల మీద సోములు ఈ మాట అంటుంటే, ఎదురుగా ఒకాయన పుస్తకంలో రాసుకుంటున్నాడు. పేరు మోహన్‌కృష్ణ. విశాఖపట్నంలో పాత బండ్లు సేకరించి అద్దాల గదిలో పెడతాడు. జీపు నిజంగా ఒరిజినలైతే గది నడిమధ్య చోటు దానిదే, ముందు ఇత్తడి పలక మీద సోములు పేరు. పొద్దున్న ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి సోములు నేల మీద నడవడం మానేశాడు.

పక్కనే ఉప్పు సంచి, నూనె డబ్బా, ఖాళీ గోనెలు పెట్టుకుని దేముడమ్మ కూర్చుంది. కొండమీది పైవలస మనిషి. ఆ ఊరెక్కే బండి ఇదొక్కటే. అది విశాఖ వెళ్లిపోతే కాఫీ గింజల బస్తా ఇక ఆమె నెత్తి మీదే కొండ దిగాలి.

"మరి వచ్చే సంతకి మమ్మల్ని ఎవులు దింపుతారు?" అందామె.

"ఉండప్పా, సెప్పనీ. బాబూ, ఈ కొండలు తొలిసి రైలు దారి ఏసినప్పుడు వచ్చిన బండి ఇది. సర్వే ఇంజనీరుది. ముందు మా అయ్య తోలాడు, అయ్య తర్వాత నాను. నాను సేసింది ఏటంత గొప్పది కాదు. అనంతగిరి ఘాటీలో ఓ వానాకాలం సైలెన్సరు ఊడి లోయలో పడిపోనాది. ఇంకోడైతే రోడ్డు మీద కూకుని ఏడ్చీవోడు. నాను తాపీగా దిగి, మంచి వెదురు బొంగు ఒకటి నరికి బిగించీసాను. శబ్దం ఏటనుకున్నావు, పిల్లనగ్రోవి!"

మోహన్‌కృష్ణ పెన్ను ఆగింది. "ఏదీ మార్చలేదన్నారు కదండీ?"

"మార్చలేదు. బొంగు తాత్కాలికం."

"ఎన్నాళ్లయింది?"

"పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఎనక కూకున్న ఈ బుధుగాడు కోడిమాంసానికి ఉప్పూ కారం పట్టించి ఆ బొంగులో కూరాడు. అరకు సేరేసరికి ఉడికి ఊరుకుంది! ఇప్పుడు టూరిస్టులు వరసలు కట్టి బొంగులో కోడి తింతన్నారు గదా, అది పుట్టింది ఎక్కడనుకున్నారు? నా సైలెన్సర్లో."

"పెట్రోలు కంపు కొట్టింది మామా," అన్నాడు బుధు. "రెండ్రోజులు తేన్పులు."

"తిన్నావా లేదా? తిన్నావు. మరి నోరు ముయ్యి. ఈడు కూకున్న సీటు కూడా తక్కువదేటి బాబూ! మెత్తలు ఎలుకలు కొరికేత్తే ఈడి నులకమంచం కాళ్లు కోసి ఏసాను. అదీ తాత్కాలికమే. ఆ మంచం మీద కూకుంటే గతుకు తెలదు. గర్భిణీ మనిషిని కూకోబెట్టి తెత్తే, దిగీ ముందు 'అప్పుడే వచ్చీసామా' అని నిద్దర లేచింది."

"నా మంచం ఎప్పుడిస్తావు మరి?"

"పలక మీద నీ పేరూ ఏయిత్తాన్రా. ఇనండి. గాలికొండ మలుపులో రేడియేటరుకి సిల్లు పడింది. సుక్క నీళ్లు లేవు. దేముడమ్మప్ప సేతిలో సొరబుర్ర ఉంది. నీళ్లే గదా అని గబగబా వంపీసాను. వంపినాక తెలిసింది, అది సోడి అంబలి, రాగులది!"

"నా మద్దేన్నం తిండి," అంది దేముడమ్మ.

"ఆ తర్వాత ఏటైందో తెలుసా? అంబలి లోపల కుతకుతా ఉడికి, ముద్దై, సిల్లుకి అడ్డం పడిపోనాది. ఇప్పటికీ సుక్క కారదు! ఆ దినం నుంచి పైవలసోళ్లు తెల్లారి ఎక్కీటప్పుడు ముందు జీపుకి ఓ గరిటె పోసి గాని తాము తాగరు. నిజమా కాదా అప్పా?"

"అది నిజమే."

"సూసావా! అంబలి తాగిన బండి బాబూ, బలం రాదేటి? ఓ దినం మరిచిపోయి వరిగంజి పోసాం. అలిగింది. మూతి అటు తిప్పుకుంది. సోళ్లు వేయించి వాసన సూపిత్తే గాని కదల్లేదు. అసలు ఆ బలం ఎంతో శిమిలిగుడ కాడ తేలిపోనాది. గూడ్సు రైలు, యాభయ్యెనిమిది పెట్టెలు, ఇనప రాయి నింపుకుని సడాయి ఎక్కలేక ఆగిపోనాది. నాను అడివిలో అడ్డతీగ కోసి, పేని, ఓ కొస ఇంజినుకి, ఓ కొస జీపుకి కట్టాను. మొదటి గేరు. లాగితే రైలు వచ్చింది గాని, సొరంగంలో మా టాపు రాతికి గీసుకుని ఎగిరిపోనాది. అవతలికి వచ్చాక అడ్డాకులు కుట్టి కప్పీసాం. రైలు డ్రైవరు దిగి కాళ్లకి దండం ఎట్టాడు. నా కాళ్లకి కాదు బాబూ, సక్రాలకి!"

"టాపు కూడా..." మోహన్‌కృష్ణ నసిగాడు.

"తాత్కాలికం."

రత్న పాల గిన్నె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సోములు బావా, ఇంజినైనా కంపెనీదేనా?"

సోములు గ్లాసు కింద పెట్టాడు. ఇదే ప్రశ్న కోసం కాచుకున్నట్టు మీసం దువ్వాడు.

"ఇంజినా? ఓలమ్మా, ఇంజినంటావేటి! పైవలస ఎక్కుడులో, జడివాన కురుత్తంటే, గతుకు కొట్టిన కొట్టుడికి బోల్టులూడి ఇంజినే కింద పడిపోనాది. నాకేటి తెలుసు? నా పాటికి నాను పాట పాడుకుంతా తోల్తన్నాను. మూడు మైళ్లు. నిలువు ఎక్కుడు. బండి ఎక్కతానే ఉంది! ఊళ్లో ఆగి బానెట్ ఎత్తి సూద్దును గదా, ఖాళీ. లోపల పిచిక గూడెట్టి గుడ్లు పొదుగుతంది. ఇంజిను లేకండా కొండెక్కిన బండి బాబూ ఇది. ఇప్పుడు సెప్పు, ఇలాటి ఒరిజినల్ ఎక్కడైనా సూసావా?"

పొయ్యి మీద డికాక్షన్ పొంగుతుంటే రత్న దించింది.

"అది నిజమే," అంది దేముడమ్మ.

సోములే ఉలిక్కిపడ్డాడు. "నిజమేటి?"

"ఎక్కింది నిజమే. ఇంజినుందో పిచికుందో నాను సూడలేదు గాని, ఆ దినం అది పలకలేదు. ఎనక మేం పదకొండు మందిమి తోసాం బాబూ. మోకాలు లోతు బురద. సక్రం తిరిగితే బురదంతా నా నోట్లోకే. 'దిగరా తమ్ముడా, ఓ సెయ్యెయ్యి' అని రెండుసార్లు కేకేసాను. ఈడు పాట ఆపితే గదా! ఆ పాటొక్కటీ ఒరిజినలే, అంతకు ముందు ఎవులూ అలగ పాడి ఉండరు. మా ఊరి గుంటపిల్లలకి నడక రాకముందే జీపు తొయ్యడం వచ్చీస్తాది."

టీకొట్టంతా పగలబడి నవ్వింది. బుధు బల్ల దిగి నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. సోములు జీపు వైపు చూశాడు. తర్వాత దేముడమ్మ అరిచేతుల వైపు.

మోహన్‌కృష్ణ కళ్లు తుడుచుకుని పుస్తకం మూశాడు. "సోములు గారూ, ఒరిజినల్ అని రాయడానికి ఇందులో ఏమీ మిగల్లేదు. అయినా నేను తీసుకుంటాను. ఈ బొంగు, మంచం, ఆకులు అన్నీ పీకించేసి, అప్పటి భాగాలు వెతికి బిగిస్తాను. మొదటి రోజు ఎలా ఉందో అలా చేస్తాను. పలక మీద మీ పేరు మీకే."

"సేసి, తోల్తావా?"

"తోలకూడదండీ. గీతలు పడతాయి."

"వాన్లో?"

"అమ్మో."

"మనుసుల్ని ఎక్కిత్తావా?"

"చుట్టూ తాడు కడతాం. అవతలి నుంచి చూస్తారు."

"ఓర్నాయనో!" సోములు లేచి నిలబడ్డాడు. "నాను నట్లు మార్చాను బాబూ, ఒప్పుకుంతాను. నువ్వు దాని పనే మార్చేత్తన్నావు గదా! కొండెక్కడానికి పుట్టినదాన్ని కూకోబెట్టి, దానికి ఒరిజినల్ అని పేరెట్టుకుంతావా? ఆ పలక నీ కాడే ఉంచు."

గాలికొండ మీద మబ్బు నల్లబడింది. సోములు జీపెక్కి, "సగం తిప్పుకే అంటుకుంటాది, సూడండి" అని తాళం తిప్పాడు. జీపు దగ్గింది. మళ్లీ తిప్పాడు. అది దగ్గడం కూడా మానేసింది.

సోములు మెల్లగా కిందికి దిగాడు.

"అప్పా, ఈయేళ నువ్వు ఎక్కు. ఆ స్టీరింగు సక్రం తిన్నగా పట్టుకుని కూకో, సాలు. కావాలంటే పాట పాడు. ఎనక నానుంతాను. ఒరే బుధూ, నవ్వింది సాలు, ఎడం పక్కకి రా. రత్నా, పొయ్యి మీద నీళ్లు సల్లి బేగి రా. మోహన్‌కృష్ణ బాబూ, ఆ పుస్తకం జేబులో ఎట్టి, తెల్లసొక్కా సేతులు మడిసి ఇలగ నా పక్కన నిలబడు. మిగతావోళ్లు సూత్తా నిలబడ్డారేటి? వానొచ్చీలోగా కొండెక్కాలి. రండి, తలో సెయ్యెయ్యండి. తొయ్యండి!"