బావ గురి, బోళ్ల కుప్ప

"చిన్నమ్మా, లాక్‌డౌన్‌ల మా నాయినతోని బోళ్లు తోమించినవంట. నిజమేనా?"

ఎవరు చెప్పిండ్రే నీకు? మీ చిన్నాయినేనా? ఆయన నోట్ల నువ్వుగింజ నానదు. తోమించిన. ఏమైతది? మీ నాయిన చేతులేమన్న అరిగినయా?

సచిన్ అనే ఊర్ల మీ చిన్నాయిన పనిచేసే ఫ్యాక్టరీ బంద్, పనామె వచ్చుడు బంద్, రైళ్లు బంద్. పెండ్లికని వచ్చిన మీ నాయిన వడోద్‌ల ఉన్న మా ఇంట్లనే చిక్కిండు. ఆయనకు రెండు చట్నీలకు రెండు గిన్నెలు, పెరుగుకు ఇంకోటి, నీళ్లకు మళ్లొక చెంబు. సింకుల కుప్ప చూస్తే నాకు కండ్లు తిరుగుతుండె.

అప్పటిదాంక నేను మీ నాయినతోని సీదా మాట్లాడింది లేదు, తెల్సు గద. మా అత్త కాలం నుంచి గదే పద్ధతి. భర్త అన్నతోని మాటంటే నడుమ భర్త ఉండాలె. తిట్టాలన్నా ఆయన మీదికెంచే.

ఇగ మీ నాయినకు పొద్దుపోక, మీ చిన్నాయిన మోజుపడి కొని అటక మీద పడేసిన ఎయిర్ గన్ దించిండు. గురి చూసే స్కోపుతో సహా. మిద్దె మీద చిందీ గుడ్డ పేలికలు నింపిన బస్తా, దానికొక కాగితం, కాగితం మీద గుండ్రం. "ఆడోళ్లతోని కాదురా ఇది" అన్నడు, మీ చిన్నాయినతోనే గని, నాకినబడేటట్టు. నాకు మండింది. కాలేజీల కేడెట్ల శిబిరంల అసలు రైఫిలే కాల్చిన నేను. అప్పుడు చాయ్ పావల... కాదు కాదు, అర్ధరూపాయి. అది ఇడువు.

"ఇగో, మీ అన్నకు చెప్పు. తలా ఐదు గుండ్లు. ఓడినోళ్లు రైళ్లు నడిచేదాంక బోళ్లు తోమాలె."

"సరే అనురా" అన్నడు మీ నాయిన.

మొదలు నా వంతు. తుపాకిని బియ్యం సంచి మీద ఆనించి, దాన్ని ముట్టుకోకుంట, తల మాత్రం అటిటు ఊపి స్కోపుల చూసిన. లోపల కూడిక గుర్తు లెక్క గీతలుంటయి. అవి గుండ్రం మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుతున్నయి. తుపాకేమో కదల్లే! స్కూటర్ వెనక కూసోని తొంగి చూస్తే స్పీడు ముల్లు ఒక కాడ, నడిపేటోనికి ఇంకో కాడ కనబడ్తది గద, అదే కథ. పారలాక్స్ అంటరు. స్కోపు ముందర దూరం అంకెలున్న రింగు వంద గజాల కాడున్నది. మా మిద్దె ఎంత, పదిహేను గజాలుంటదా? తల ఊపినా గీతలు కదలకుంట నిలబడేదాంక జర జర తిప్పిన. ఇగ మిగిలింది చెంప. ప్రతిసారి తుపాకి కట్టె మీద ఒక్కటే జాగల ఆనాలె, కన్ను స్కోపుకు నట్టనడుమ ఉండాలె. గుర్తుకు జరీ అంచు ముక్కొకటి కట్టెకు అంటించుకున్న. నాలుగు గుండ్లు గుండ్రంల పడ్డయి.

మీ నాయినొచ్చి రింగు మళ్ల వెనకకు తిప్పిండు. "అమ్మినోడు పెట్టిచ్చింది ఈమె మారుస్తదారా?" అన్నడు. పైకెంచి మూతికి మాస్కు. మిద్దె మీద కాకి గూడ లేదు, అయినా తియ్యడు. చీర ముక్కలు మూడు పొరలు కుట్టింది, దిండు లెక్క. దానితోని చెంప కట్టె మీద ఒకసారి మీదికి, ఒకసారి కిందికి జారుతది.

"ఇగో, మాస్కు తియ్యమను. బస్తాకు కరోనా లేదు."

"ఊకోమనురా."

మొదటిది కుడికి పోయింది. స్కోపు మీద గురి సవరించే మర తిప్పిండు. రెండోది ఎడమకు. మళ్ల తిప్పిండు. తప్పు చెంపది, శిక్ష మరకు. ఐదోదైతే పక్కన తీగ మీద ఆరేసిన ఆయన లుంగీకే తాకింది. మీ చిన్నాయిన నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడ్డడు.

ఆ పూటనే సింకు కాడ నిలబడ్డడు మీ నాయిన. మాడిన కుక్కరు రుద్ది రుద్ది, తమ్ముని కోసం అటిటు చూసిండు. తమ్ముడు బాత్రూంల దాక్కున్నడు. ఇగ తప్పలే.

"ఏమమ్మా, ఈ మాడు ఎట్ల పోతది?"

పెండ్లయిన ఇన్నేండ్లకు నాతోని మొదటి మాట! "ఉప్పేసి నానబెట్టుండ్రి బావా" అన్న.

రైళ్లు నడిచేదాంక తోమిండు. మంచిగనే తోమిండు, అబద్ధమెందుకు. ఇప్పుడు మీ ఇంట్ల తోముతుండా మరి?... తోమడా? మీ అమ్మనే తోముతదా? అట్లనా. మీ అమ్మను ఒక పది దినాలు ఇటు తోలియ్యి, తుపాకి ఇంక అటక మీదనే ఉన్నది, గురి నేర్పిస్త. నువ్వు గూడ రా. సల్లగుండు బిడ్డా, నీ సింకెప్పుడు ఖాళీగుండాలె.