శనివారం బస్ లేన్

శనివారం మధ్యాహ్నం, సన్నటి వాన. ఇంగ్లండులో లీడ్స్ ఊళ్ళో ఈత కొలనుకి పోయే ఎత్తు రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. అందులో ఒక పాత నీలం కారు. స్టీరింగు దగ్గర ఎల్స్‌వర్త్ లిబర్డ్, కరీబియన్ దీవి నెవిస్ నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి బస్సు నడిపి రిటైరైనవాడు. పక్కన ఆయన కూతురు వెర్లీన్. ఈతకి వెళ్ళిన వెర్లీన్ కూతురు జోడీని తీసుకురావడానికి పోతున్నారు. ఎడమ పక్కనున్న బస్ లేన్ మాత్రం తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉంది.

"మళ్ళీ చెప్తున్నా నాన్నా, ఎడమకి తిప్పు."

"నేనూ మళ్ళీ చెప్తున్నా, అది బస్సులది."

"ఇవాళ శనివారం."

"శనివారం బస్సులు తిరగవా?"

"తిరుగుతాయి. కానీ ఇవాళ ఆ లేన్ అందరిదీనూ. సోమవారం నుంచి శుక్రవారం దాకానే బస్సులకి. అదీ పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మిగతా టైములో ఎవరైనా పోవచ్చు. బోర్డు మీద అంత లావు అక్షరాలతో రాసి ఉంది."

"తాతకి దగ్గులు నేర్పకు. ఆ బోర్డులు పాతేనాటికి నువ్వు బడి యూనిఫాంలో ఉన్నావు."

"అన్నీ తెలుసుగా మరి, తిప్పు."

"కెమెరా ఉంది."

"ఇవాళ దానికేం పనిలేదు."

"ఆ మాట విల్మథ్‌తో చెప్పు. ఇలాగే దూరాడు. ఇంటికి జరిమానా వచ్చింది."

"విల్మథ్ అంకుల్ మంగళవారం పొద్దున ఎనిమిదింటికి దూరాడు నాన్నా. రాక ఏమవుతుంది?"

"డామినోలు ఆడేటప్పుడు ఆ ముక్క చెప్పలేదే వాడు."

"చెప్పడు. ఆటలో కూడా ముక్కలు దాచేవాడేగా."

"అదీ నిజమే."

"తిప్పు మరి."

"చూడు వెర్లీన్. ఇన్ని కార్లున్నాయి. ఒక్కడైనా అటు పోయాడా? ఇంతమందికి తెలియంది నీ ఒక్కదానికే తెలిసిందా?"

"ఎవరూ బోర్డు చదవరు నాన్నా. ముందువాడు పోలేదని వెనకవాడు పోడు. గొర్రెల మంద."

"గొర్రెకి జరిమానా రాదు."

"జోడీకి ఈత అయిపోయి ఉంటుంది. తడి జుట్టుతో మెట్ల మీద నిలబడి ఉంటుంది. దానికసలే జలుబు."

"లోపల ఉంటుందిలే. లోపల వెచ్చగా ఉంటుంది."

"పోయినసారి ఆలస్యమైతే ఆ కౌంటరు ఆవిడ నన్ను ఎలా చూసిందో తెలుసా? పిల్లని పారేసుకున్నదాన్ని చూసినట్టు."

"నేను మాట్లాడతాలే ఆవిడతో."

"మాట్లాడ్డం కాదు. కదలాలి. ఇదుగో, నాకు ఇవ్వు స్టీరింగు. నేను నడుపుతా."

"నీ కారు షెడ్డులో ఉందని నా కారు మీద పడ్డావా? నా కారు, నా స్టీరింగు."

"సరే. నీ కారే. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. సోమవారం నుంచి రోజూ దాన్ని బడికి దింపేది నువ్వే కదా. ఇలాగే దింపుతావా?"

"ఇలాగే అంటే?"

"ఇలాగే. పక్కన దారి ఖాళీగా పెట్టుకుని."

"సోమవారం పొద్దున అది బస్సులదే. నువ్వే అన్నావు ఇప్పుడే."

"మాట మార్చకు."

"మార్చలేదు. దింపుతా. గంట ముందు బయల్దేరతా. ఏం, నమ్మకం లేదా?"

"నమ్మకం లేకపోతే ఆ ఉద్యోగానికి ఒప్పుకునేదాన్నా? ఏడింటికల్లా ఆసుపత్రి వార్డులో ఉండాలి నేను. సంతకం పెట్టి వచ్చేశాను. దాని బడికి బస్సులో పోవాలంటే రెండు మారాలి. నువ్వు కాకపోతే నాకు ఇంకెవరూ లేరు."

"కాదన్నానా నేను?"

"అనలేదు."

"అననూ. వెనక సీటుకి కొత్త కవరు కూడా వేయించాను. చూశావా? దానికి ఊదా రంగు ఇష్టమని ఊదాదే వేయించాను."

"చూశాను. అది ఆకుపచ్చ, నాన్నా."

"ఆ, ఆకుపచ్చ. ఊదా దొరకలేదు."

"సరేలే. అమ్మ పోయాక నువ్వు మొదటిసారి నున్నగా గడ్డం గీసుకుంది దాన్ని నువ్వే దింపాలన్న మాట విన్న రోజే. నాకు తెలీదనుకున్నావా?"

"గడ్డం దురద పెట్టింది."

"అందుకే అడుగుతున్నా. ఎడమకి తిప్పు. ఆ మలుపు దాకా పోతే చాలు, కొలను వచ్చేస్తుంది."

"ముప్ఫై ఏళ్ళు వెర్లీన్. ముప్ఫై ఏళ్ళు ఆ లేన్‌లోకి దూరిన కార్లని తిట్టినవాణ్ణి నేను. ఆదివారం నా కారులో పోతూ కూడా హారన్ కొట్టేవాణ్ణి. మీ అమ్మ పక్కనుంటే నా మోచేతి మీద కొట్టేది. ఇప్పుడు నేనే దూరానంటే, డిపోలో ఎవడైనా చూస్తే..."

"డిపోలో నిన్ను ఎరిగినవాళ్ళు ఎంతమంది మిగిలారు?"

"అయ్యో. మంచి మాట అన్నావు."

"అలా కాదు నాన్నా..."

"మంచి మాటే. అను."

"నాన్నా, వెనకవాడు హారన్ కొడుతున్నాడు. ముందు చోటు వచ్చింది. కదులు."

"కదులుతున్నా."

"ఏమైంది నీకివాళ? మొండికెత్తి కూర్చున్నావు. ఖాళీ దారి పక్కన పెట్టుకుని ఇక్కడ నానబెడుతున్నావు నన్ను. ఎవరైనా వింటే నవ్వుతారు."

"నవ్వనీ."

"అయితే సోమవారం సంగతి మళ్ళీ ఆలోచించాలి నేను."

"ఏంటి ఆలోచించేది?"

"ఉన్న తోవలో కూడా పోనంటే, రేపు ఎక్కడైనా రోడ్డు మూసేస్తే ఏం చేస్తావు? దాన్ని కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా ఉంటావా? ఆ పక్కింటి అమ్మాయిని అడుగుతాను. తను కారులో పోతుంది అటే."

"పక్కింటి అమ్మాయా? ఫోను చూస్తూ నడుపుతుంది ఆ పిల్ల."

"నడుపుతుంది కదా. కదులుతుంది కదా."

"వద్దు వెర్లీన్."

"మరి?"

"సరే. సరే. తిప్పుతున్నా. తృప్తేనా?"

"ఇండికేటరు వెయ్యి."

"వేశాను. ముప్ఫై ఏళ్ళు వేశాను."

"మెల్లిగా. మెల్లి... నాన్నా, సైకిలు."

"ఏ సైకిలు?"

"సైకిలు. సైకిలు నాన్నా. ఆపు."

"ఎక్కడ?"

"ఆపమన్నానా."

"ఆపాను. ఆపాను. ఏం, ఎక్కడ?"

"ఏం పెద్దాయనా, అద్దం దించు. దించు. పసుపు కోటు వేసుకున్నా. వెనక లైటు పెట్టుకున్నా. నీకు కనపడాలంటే ఇంకేం చెయ్యాలి సైకిలు మీద పోయేవాడు, బాజా వాయించుకుంటూ పోవాలా?"

"తప్పైంది బాబూ. వాన..."

"వాన నాకూ పడుతోంది."

"క్షమించండి. తప్పు మాదే. మీకేమైనా తగిలిందా?"

"తగల్లేదమ్మా. ఈసారికి తగల్లేదు. నాకూ ఇంట్లో పిల్లలున్నారు. ఆయనకి చెప్పు, కళ్ళు తెరుచుకుని నడపమని."

"చెప్తాను. క్షమించండి."

"చూశావా? అందుకే చెప్పాను ఆ లేన్ జోలికి పోవద్దని. నువ్వే పట్టుబట్టావు."

"తిప్పమన్నాను. చూసి తిప్పమన్నాను."

"పక్క అద్దం మీద నీళ్ళు. అందులో ఏం కనపడుతుంది?"

"అతను అద్దంలో లేడు నాన్నా."

"మరి?"

"ముందున్నాడు. నీ ఎదురుగా. పసుపు కోటుతో."

"వైపరు అరిగిపోయింది. మార్పించాలి."

"సరే. వెళ్ళిపోయాడతను. ఇప్పుడు పోనీ. దారంతా మనదే."

"మళ్ళీ వరసలోకి పోతాను."

"వరసలో ఎవడూ చోటివ్వడు. ముందుకి పోనీ."

"పోనిస్తున్నాను కదా."

"ఇది నడక కంటే నెమ్మది. ఎందుకలా స్టీరింగు మీదకి వంగిపోతున్నావు?"

"నువ్వు అరిచావు మరి. జాగ్రత్తగా పోతున్నా."

"ఇప్పుడు అరవట్లేదు. అదుగో, ముందు ఇంకో బోర్డు వచ్చింది. ఏముంది దాని మీద?"

"ఇందాకటిదే."

"చదువు."

"ఏం, నీకు రాదా చదవడం? ఏడు నుంచి పది. నాలుగు నుంచి ఏడు."

"ఇంకా?"

"సోమ, శుక్ర. ఇంకేముంటుంది?"

"నాన్నా."

"ఏంటి?"

"అది పరుపుల దుకాణం బోర్డు. పక్క సందు వస్తోంది. అందులోకి తిప్పి ఆపు."

"జోడీకి ఆలస్యం అవుతుందన్నావు."

"కొలనుకి ఫోన్ చేసి చెప్తాను. ఎడమకి. ఇంకా కాదు. ఇంకొంచెం. ఇప్పుడు. చిన్నగా. గట్టు ఉంది, ఇటు రాకు. చాలు. ఇంజను ఆపు."

"ఊరికే కంగారు పడుతున్నావు. వానలో ఎవరికైనా..."

"ఆ ఎదురుగా ఆగి ఉన్న కారు నంబరు చదువు."

"లైసెన్సు పరీక్షా? ఈ వయసులో నా కన్నకూతురు నాకు పరీక్ష పెడుతుందా?"

"ఒక్క అక్షరం చదువు. మొదటి అక్షరం."

"అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అన్నారా?"

"ఒక్కటి, నాన్నా."

"వాన తగ్గాక చదువుతా."

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఎప్పట్నుంచి నాన్నా?"

"ఈస్టరు ముందు నుంచి."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"చూపించుకున్నా. మంచి పిల్ల. వాళ్ళ అమ్మమ్మది కూడా మన నెవిస్ దీవేనట. మేకమాంసం పులుసు ఎలా వండుతారో నన్నే అడిగింది."

"ఏం చెప్పిందా పిల్ల?"

"పోయిన చూపు తిరిగి రాదంది. ఉన్నది పోకుండా చూద్దాం అంది."

"బండి సంగతి?"

"ఆపెయ్యమంది. లైసెన్సు ఆఫీసుకి నన్నే చెప్పమంది."

"చెప్పావా?"

"ఆ మర్నాడే ఫోన్ చేద్దామని కూర్చున్నాను వెర్లీన్. ఒట్టు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే నువ్వు తలుపు తోసుకుని వచ్చావు, కొత్త ఉద్యోగం వచ్చింది నాన్నా, జోడీని నువ్వే బడికి దింపాలి అంటూ. ఆ పిల్ల నా మెడ పట్టుకుని వేలాడింది. ఎలా చెప్పను?"

"నోటితో చెప్పాలి."

"చెప్పాలి."

"నేను దాన్ని నా చేత్తో ఈ వెనక సీట్లో కూర్చోబెట్టేదాన్ని. నా చేత్తో బెల్టు పెట్టి, ముద్దు పెట్టి, వార్డుకి పోయేదాన్ని. నిశ్చింతగా పోయేదాన్ని నాన్నా."

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నావా?"

"రోజూ రేపు చెబుదాం అనుకున్నా."

"నా మొహం కనిపిస్తోందా నీకు?"

"చుట్టూ కనిపిస్తోంది. నీ చెవి రింగులు, జుట్టు. నడిమధ్యలో మసక."

"నేను ఏడుస్తున్నానో లేదో కూడా తెలీదన్నమాట."

"గొంతులో తెలుస్తోందిగా."

"తాళం చెవి ఇటివ్వు."

"ఇదుగో. ఇవాళ్టికేనా?"

"ఇవాళ్టికి కాదు."

"ఊఁ."

"ఇంటికెళ్ళగానే లైసెన్సు వాళ్ళకి రాయాలి. నేను పక్కన కూర్చుంటాను. రాసేది మాత్రం నువ్వే."

"రాస్తాను. మరి నీ వార్డు?"

"అదేదో నేను చూసుకుంటాను. కాళ్ళో వేళ్ళో పట్టుకుంటాను. అది కాదు ఇప్పుడు."

"దానికి ఏం చెప్తావు? జోడీకి?"

"నేను కాదు, నువ్వే చెప్తావు."

"నేనే చెప్తాను."

"ఒక్కటి అర్థం కావట్లేదు నాకు. ఈస్టరు నుంచి మార్కెట్టుకి పోయావు. చర్చికి పోయావు. వారం వారం మా ఇంటికొచ్చి శనివారం సూప్ తాగి పోయావు. కారు మీద గీత పడలేదు. ఎలా నడిపావు?"

"ముందు బండి వెనక ఎర్ర లైట్లు అంచుల్లో కనిపిస్తాయి. అవి ఆగితే ఆగుతా. కదిలితే కదులుతా. అంతే. మొన్న ఒక వ్యాను చేపల గోడౌను దాకా తీసుకుపోయింది. అక్కణ్ణుంచి ఇంకో లారీని పట్టుకుని ఇల్లు చేరాను."

"నవ్వించకు నన్ను."

"నవ్వించట్లేదమ్మా."

"మరి ఇందాక బస్సులదన్నావు, కెమెరా అన్నావు, విల్మథ్ అన్నావు, డిపోలో పరువన్నావు. శనివారం ఆ లేన్‌లో పోవచ్చని నీకు తెలీదా?"

"నాకు తెలియకపోవడమేంటి? డిపోలో కొత్త కుర్రాళ్ళకి ఆ రూలు చెప్పినవాణ్ణి నేనే."

"తెలిసి మరి ఎందుకు పోనన్నావు?"

"అది ఖాళీగా ఉంది కదమ్మా. ముందు ఎవరూ లేని దారిలో ఎవర్ని చూసుకుని పోను?"