గురువారం గదికి తాళం పడదు

ఈ నెల పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ కనకరత్నం గారు 1994 జూన్ పదమూడవ తేదీ సోమవారం ఉదయం అమలాపురంలోని మన ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో వైద్యాధికారిణిగా చేరారు. రాజోలులో పేరెన్నికగన్న దేవసహాయం మాస్టారి కుమార్తె అయిన ఆమెకు తండ్రి నుంచి ముత్యాల్లాంటి దస్తూరీ, ఎవరికీ తలవంచని స్వభావమూ సంక్రమించాయి. మొదటిది మన రిపోర్టులకు శోభనిచ్చింది. రెండవది మన యాజమాన్యానికి కంటిమీద కునుకు లేకుండా చేసింది.

1996 తుపాను వెళ్లిపోయిన కొన్నేళ్లకు కూడా, గాలి హోరు వింటేనే గుండెదడతో ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చేవారిని ఆమె గమనించారు. పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పి వారిని ఇంటికి పంపడం అప్పటి ఆనవాయితీ. "రక్తంలో ఏం లేదన్నాం, బానే ఉంది. మనిషిలో ఏముందో ఎవరు చూస్తారండీ?" అని ఆమె నిలదీశారు. చివరికి తానే విశాఖపట్నం వెళ్లి ఒత్తిడి హార్మోన్లపై పరిశోధన చేసి వచ్చారు.

ప్రమాద సమయంలో అడ్రినలిన్ ఒంట్లో గంట మోగిస్తే, తగిన వేళకు ఆ గంటను ఆపడానికి కార్టిసాల్ తోడ్పడుతుంది. అది చాలినంత లేనివారిలో భయం లోలోపల ముద్రపడి, వైద్యులు పీటీఎస్‌డీ అని పిలిచే ఆఘాతానంతర రుగ్మతగా మారే అవకాశం ఎక్కువని కొన్ని పరిశోధనలు అంటాయి, కొన్ని కాదంటాయి. ఒక్క రక్తపరీక్షతో ఎవరి జాతకమూ చెప్పలేమని అందరికంటే ముందు ఆమే అంటారు. ఏడ్చేవారి చుట్టూ లోకమంతా మూగుతుంది గనుక, ఏడవనివారిని మనం చూడాలన్నదే ఆమె పట్టుదల. అలాంటివారిని ప్రతి గురువారం కూర్చోబెట్టి మాట వినేందుకు మానసిక వైద్యునితో కలిసి ఆమె తెరిపించిన "గురువారం గది" ఆ పట్టుదల ఫలితమే.

నాలుగేళ్ల క్రితం వరదల్లో ఒక లంక రేవు దగ్గర పడవ తిరగబడింది. పక్కనే తన పడవలో వెళ్తున్న నూకరాజు గారు గోదాట్లోకి దూకి పలువురిని ఒడ్డుకు చేర్చారు. ఒక చిన్నపిల్ల చెయ్యి మాత్రం ఆయన పట్టులోంచి జారిపోయింది. ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఆయన కంట తడి లేదు. రక్తంలో కార్టిసాల్, అంతటి గండం గడిచిన మనిషికి ఉండవలసినంత లేదు. ఆయనను ఓ కంట కనిపెట్టి ఉండాలని కనకరత్నం గారు చెబుతూనే ఉన్నారు; మనవారు ఆ వారంలోనే సన్మానం పెట్టేశారు!

శాలువా కప్పాక, యాజమాన్య సంఘం అధ్యక్షులు శ్రీరామచంద్రమూర్తి గారు మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

"ఆ పిల్ల చెయ్యి ఎలా జారిపోయిందో నీ నోటితో చెప్పవయ్యా, జనం వింటారు."

ముందు వరుసలోని కనకరత్నం గారు చరచరా వేదిక ఎక్కి ఆ మైకు లాగేసుకున్నారు.

"ఆయన చెప్పరండి. చెప్పాలనిపించిన రోజున ఆయనే చెప్పుకుంటారు."

"గౌరవం చేస్తుంటే అడ్డమొస్తారేంటండీ డాక్టరు గారూ! మనిషి గుండ్రాయిలా ఉన్నాడు కదా!"

"అదేనండీ నా భయం."

అప్పుడు నూకరాజు గారు నోరు విప్పారు. "ఇంటికెళ్లిపోతానండి, డాక్టరమ్మ గారూ."

"ఆయ్, పదండి," అంటూ ఆమె ఆయనను దగ్గరుండి దింపి వచ్చారు. మర్నాడు మెమో వచ్చింది. రోగి కోసం మైకు లాక్కోవడం నేరమైతే ఆ నేరం మళ్లీ చేస్తానని ఆమె ముత్యాల్లాంటి దస్తూరీతో జవాబిచ్చారు. శ్రీరామచంద్రమూర్తి గారే ఈ వీడ్కోలు సంచిక సంపాదక వర్గానికీ అధ్యక్షులు గనుక ఈ పేరా అచ్చులో మిగిలితే అది వారి పెద్దమనసే!

నెల తిరిగేసరికి నూకరాజు గారి భార్య దుర్గాశ్రీ గారు పరుగున వచ్చారు. "బకెట్లో నీళ్లు పోసినా ఉలిక్కిపడతన్నారండి. రేవు వైపు చూడ్డం మానేసేరు." ఏ తలుపు తట్టాలో అప్పటికే తెలుసు గనుక ఆలస్యం కాలేదు. చికిత్స సుదీర్ఘంగా సాగింది. నిరుటి నుంచి ఆయన మళ్లీ పడవ నడుపుతున్నారు.

ఈ విరమణతో గురువారం గదిని సామాన్ల గది చేద్దామని ఒక ప్రతిపాదన నడుస్తోంది. "విరమణ నా ఉద్యోగానికండీ, నాకు కాదు. తాళం వేస్తే వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాను," అని కనకరత్నం గారు తేల్చేశారు. తన వీడ్కోలు సభలో శాలువాలు వద్దని కూడా ఆజ్ఞాపించారు.

మొన్న నూకరాజు గారు ఆసుపత్రికి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డారు. "సభలో నేను మాట్లాడతానండి. ఆ పిల్ల సంగతీ చెబుతాను, మీ సంగతీ చెబుతాను. ఈసారి మైకు లాక్కోకండేం."

"ఆయ్, లాక్కోనండి," అంటూ మన కనకరత్నం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్లలో ఆమె కంట నీరు చూడటం మన విభాగానికి అదే మొదలు.

ఆ భగవంతుడు వారికి సంపూర్ణ ఆరోగ్యమూ, ఆనందమూ ప్రసాదించుగాక. ఆ గదికి తాళం వేయాలని చూసేవారందరి పదవీ విరమణ సభలకూ వారే ముఖ్య అతిథిగా విచ్చేసేంతటి దీర్ఘాయుష్షు అనుగ్రహించుగాక!