అతుకుల దగ్గర చీకటి

కొత్త కంప్యూటర్ కొన్న మర్నాడు తమ్ముడు అక్కను తన స్టూడియోకి పిలిచి, పదేళ్ళనాటి ఆమె పెళ్ళి వీడియో వేసి చూపించాడు.

“బాగుందిరా. కానీ ఇది మన వీడియోలా లేదు.”

“మనదే అక్కా. అప్పట్లో కంప్యూటర్‌లో ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు, వీడియో మూడు నిమిషాలు దాటితే చేతులెత్తేసేది. అందుకని ముక్కలు ముక్కలుగా తయారుచేసి అతికించాను. నిన్న మొత్తం ఒకే ఊపులో అయిపోయింది.”

“అతుకు వచ్చినప్పుడల్లా తెర నల్లబడేది కదా, అదేదీ?”

“తీసేశాను. ఇన్నేళ్ళూ అవి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.”

“నల్లబడగానే నాయనమ్మ ఏమనేదో గుర్తుందా?”

“‘కరెంటు పోయిందర్రా’ అంటూ అగ్గిపెట్టె కోసం లేచేది. ఉన్నన్నాళ్ళూ ఎన్నిసార్లు చెప్పినా అంతే.”

“మనం పడీపడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడిది ఎక్కడా ఆగట్లేదురా. ఆవిడ లేవడానికి చోటే లేదు.”

తమ్ముడు మౌస్ పట్టుకుని వీడియోని వెనక్కి జరిపాడు.

“పోనీ, ఒక్కచోట నలుపు పెట్టనా?”

“పెట్టు.”

“ఎంతసేపు?”

“ఆవిడకి అగ్గిపెట్టె దొరికేంతసేపు.”