మా మురుగు, వాళ్ల మురుగు

“అమ్మమ్మా, ఈ వీధిలో అందరి ఇళ్లకీ మెట్లెక్కి వెళ్తాం. నీ ఇంట్లోకి మాత్రం మెట్లు దిగి వస్తున్నామేంటి?”

బాగా అడిగావే లావణ్యా. మా చెల్లెలి మనవరాలివి అనిపించావు. ఆ ఫోను ఆన్ చేశావా? చెయ్యి, చెయ్యి. నేను మాట్లాడితే చెవులు మూసుకునేవాళ్లే గానీ దాచుకునేవాళ్లు ఇన్నాళ్లకి నువ్వొక్కతివే దొరికావు.

ఇది దిగే ఇల్లు కాదమ్మా, ఎక్కే ఇల్లు. మీ పెద్దతాతయ్య, అదే మా ఆయన, దీనికి పునాది వేయిస్తుంటే మా అత్తగారు “కోట కడుతున్నావేంట్రా” అని దెప్పింది. అంత ఎత్తన్నమాట. అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ లైబ్రరీ పుస్తకాలు చదివేదాన్ని. నాకు బడి లేదు కదా, ఆ అరుగే బడి. కోడలు పుస్తకం పట్టుకుంటే బియ్యంలో రాళ్లు ఎవరు ఏరతారని ఆవిడ బాధ. రాళ్లూ ఏరాను, పుస్తకాలూ చదివాను, ఆవిడకి జవాబులూ చెప్పాను... ఎక్కడున్నాం? ఆ, అరుగు. అది ఇప్పుడెక్కడుందంటే, నువ్వు స్కూటీ ఆపావు చూడు, ఆ రోడ్డు కింద. రోడ్డు పాడైనప్పుడల్లా పాతది తవ్వరు, దాని నెత్తిన ఇంకోటి పోస్తారు. అలా పోసి పోసి వీధి పైకి లేచింది, నేను ఉన్నచోటే ఉండి కిందకి పోయాను.

సరే, అదైనా ఓర్చుకున్నాం. అసలు సంగతి దొడ్డివైపు ఉంది. వెనకంతా చేలు ఉండేవి. చేలకి అటు పంటకాలువ, ఇటు మా దొడ్డిని ఆనుకుని మురుగు బోదె. మీ తునిలో మెరక నేల, నీకు తెలీదులే. ఇక్కడ మాకు నీళ్లు తెచ్చే కాలువ ఒకటుంటే, చేలో ఎక్కువైన నీళ్లూ వాన నీళ్లూ తీసుకుపోయే బోదె ఇంకోటి ఉండాలి. ఆ పోయే నీళ్లనే మేం మురుగు అంటాం. ముక్కు మూసుకుంటావేంటే! కంపు నీళ్లు కావు. మా మరుదులు అందులోనే ఈత నేర్చుకున్నారు. పక్కింటి మేరమ్మ మొగుడు వల వేస్తే గంపెడు చిన్నచేపలు అర్ధరూపాయికి మా గడపలో పోసి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ చేపల్ని బజార్లో చూస్తే నాకే దండం పెట్టబుద్ధేస్తుంది, ఆ ధరకి.

ఆ చేలు లేఅవుటు చేశారు. ముందు ఆర్చి లేచింది, దాని మీద రివర్ వ్యూ అని పేరు. వాళ్లకి గోదారి కనపడాలంటే వాటర్ ట్యాంకు ఎక్కాలి, అది వేరే సంగతి. తర్వాత టిప్పర్లు వచ్చాయి. ఎర్రమట్టి తోలారు, తోలారు, మా ప్రహరీ అంత ఎత్తు మెరక చేశారు. పొద్దున్న నేను పళ్లు తోముకుంటుంటే బోదె ఉంది. అన్నం తిని దొడ్లోకి వచ్చి చూద్దును కదా, లేదు! తూటికాడ పొదలతో సహా కప్పెట్టేశారు. చెంబు పోతే వెతుక్కుంటాం, పారే నీళ్లు పోతే ఎక్కడ వెతుక్కోవాలే?

ఆ ఏడు మొదటి పెద్ద వానకే నీళ్లు వంటింట్లోకి వచ్చాయి. తుఫానులు చూశానే నేను, ఎప్పుడూ రాలేదు. నాకూ మేరమ్మకీ ఉమ్మడి ప్రహరీ కదా, దానింట్లోకీ వచ్చాయి. అది లేసు అల్లుతుంది, నరసాపురం నుంచి ఏజెంటు వచ్చి పట్టుకెళ్తాడు. అల్లిన టేబుల్ క్లాతులన్నీ బురద. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి మంచం మీద ఉంచి, మంచం కింద ఇటుకలు పెట్టుకుని కూర్చుంది పాపం.

నేను ఊరుకుంటానా? మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లాను. ఇంజినీరంట, చిన్నవాడు, మర్యాదస్థుడే. “ఏంటండీ మీ సమస్య?” అన్నాడు. “మురుగు బోదె పూడ్చేశారు బాబూ. మా మురుగు పోవడానికి దారి లేదు. మురుగుకి దారి ఇప్పించండి” అన్నాను, మంచి తెలుగులో, స్పష్టంగా. “తప్పకుండానండి, మీలాంటి పెద్దవాళ్లు అడిగితే కాదంటామా” అన్నాడు. ఇంటికొచ్చి మేరమ్మ దగ్గర గొప్పలు పోయాను. చూశావా, అడిగే విధంగా అడిగితే పనవుతుంది అని.

అయిందమ్మా, పని అయింది. జేసీబీ వచ్చింది, సిమెంటు వచ్చింది, కొబ్బరికాయ కొట్టి మా గోడ పొడుగునా కాలువ కట్టారు. నేను మజ్జిగ కూడా ఇచ్చాను పనివాళ్లకి. తీరా చూస్తే ఆ లేఅవుటులో ఉన్న ఇళ్ల మరుగుదొడ్ల గొట్టాలన్నీ తెచ్చి అందులో కలిపారు! కాలువ అడుగే నా వంటింటి కన్నా ఎత్తు. వాన పడింది. ఇక నాచేత చెప్పించకు. వాళ్లు పొద్దున్నే వదిలేసిందంతా నా తులసికోట చుట్టూ తేలుతోంది. పంపు కొడితే వాసన.

పరిగెత్తాను ఆఫీసుకి. ఆ అబ్బాయి తెల్లబోయి చూశాడు. “మీరే కదండీ మురుగు కాలువ కావాలన్నారు?” అన్నాడు.

నోట మాట రాలేదే! నాకు! మా అత్తగారి ముందు ఆగని నోరు, తాసీల్దారు ముందు ఆగని నోరు, ఆ మాటకి ఆగిపోయింది. ఆ అబ్బాయి అబద్ధం ఆడలేదు. ఎక్కడో పట్నంలో పుట్టి పెరిగాడు, మురుగంటే వాడికి ఒకటే తెలుసు. నీళ్లు పోయే దారితో పాటు ఆ మాట కూడా పూడిపోయిందని నాకు అప్పుడు తెలిసింది.

“వాన నీళ్లు బాబూ, వాన నీళ్లు!” అన్నాను. “ఓ, స్టార్మ్ వాటరాండీ! అది వేరే స్కీమండి, చూద్దాం. ఈలోగా ఇల్లు లేపించేసుకోండి, అందరూ అదే చేస్తున్నారు” అన్నాడు.

ఇల్లు లేపడమేంటని నేను తెల్లబోయాను. నిజమేనే. గోడల కింద జాకీలు పెట్టి, లారీ టైరు మార్చినట్టు, ఇంటికిల్లు లేపేస్తారు. అవతలి వీధిలో చూసొచ్చాను. మేడ గాల్లో నిలబడి ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది, ఆ ఇంటావిడ పప్పు తాలింపు పెట్టుకుంటోంది! ఇదేం చోద్యమే అనుకున్నాను. అయినా జాకీలాయన్ని పిలిచాను. కొలుచుకున్నాడు, ఈ నెలలోనే లేపేస్తానన్నాడు. కింద ఎర్రమట్టి పోసి దొడ్డి కూడా మెరక చేస్తానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం మేరమ్మ గోడ మీంచి చూస్తూ నించుంది. “ఏంటే?” అన్నాను. “ఏం లేదక్కా, మీరు లేపుకుంటే మంచిదేనండి. మీ నీళ్లు కూడా ఇక మా ఇంట్లోకే కదా అని లెక్క చూసుకుంటున్నాను, అంతేనండి” అంది. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు వెలిగింది లావణ్యా. ఆ రివర్ వ్యూ వాడు నాకు చేసిందే, నేను టిప్పరు తెప్పించి దానికి చెయ్యబోతున్నాను. ఆర్చి ఒక్కటే తక్కువ!

ఇవాళ పొద్దున్న జాకీలాయనకి ఫోన్ చేసి వద్దన్నాను. “మీ ఇష్టమండి. మీరు లేపకపోతే ఆ పక్కావిడ లేపుకుంటుంది, ఆవిణ్ణి కూడా అడిగాను. చర్చి వాళ్లు సాయం చేస్తామన్నారంట” అని పెట్టేశాడు. వెళ్లి గోడ మీంచి అడిగాను, ఏం చెప్పావే ఆయనకి అని.

“మా అక్కని అడిగి చెప్తానన్నానండి” అంది.

ఏం చెప్పను? అవతల మంచం మీద మనిషి ఉన్నాడు. “నువ్వు లేపుకోవే మేరమ్మా. నేను ఒంటిదాన్ని, నాదేముంది, మా చెల్లెలింటికి తుని వెళ్లిపోతాను” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

“నోరు మూసుకోండక్కా” అంది.

ఇన్నేళ్ల బతుకులో నన్ను నోరు మూసుకోమన్న మనిషి అదొక్కతే. అందులోనూ ‘అండి’ వదల్లేదు చూడు! మూసుకున్నాను. రేపు ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్తున్నాం. ఆ స్టార్మ్ వాటరనే ఇంగ్లీషు మాట నేను చెప్తాను, ఎవరి నీళ్లు ఎవరింట్లోకి పోతున్నాయో ఆ లెక్క అది చెప్తుంది. వింటారో లేదో...

నువ్వు చల్లగా ఉండు తల్లీ. మంచి ఉద్యోగం చేసి, పెద్ద ఇల్లే కట్టుకో. నీ వాకిట్లో పడ్డ వాన ఇంకొకరి వంటింట్లోకి పోకుండా ఉండాలి, అంతే. ఇక ఆపు ఆ ఫోను, గొంతు ఎండిపోయింది... కాసిని మంచినీళ్లు ఇయ్యి. పంపు నీళ్లు కాదే, టిన్నులోవి.